ఎక్కడికని అడిగిన తలుపు

నమోదు 41

వెనకపేట కిరణ కేంద్రం. రాస్తున్నది తాడినాడ సుభాషిణి. ఈ కేంద్రానికి ఇన్‌చార్జిని నేనే, ఆపరేటర్నీ నేనే, దుమ్ము దులిపేదాన్నీ నేనే.

ఇవాళ కొత్త లేజర్లు దిగాయి. అట్టపెట్టె ఎంత పెద్దదో, లోపలి సరుకు అంత చిన్నది. బియ్యపు గింజంత చిప్పులు. పాత లేజర్లకి మెడ తిప్పడానికి మోటార్లుండేవి. చంద్రుడి దుమ్ము దూరి అవి ఊరికే పట్టేసేవి, నేను నిచ్చెనెక్కి తిట్టుకుంటూ తుడిచేదాన్ని. కొత్తవి అసలు కదలవు. పడక కుర్చీలోంచి లేవకుండా ఇల్లంతా నడిపించే పెద్దమనుషుల్లాగా, ఉన్నచోటే ఉండి కిరణాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుతాయి. మైదానంలో నిలబెట్టిన ఒక్కో స్తంభానికి ఒక్కో చిప్పు బిగించి, చేతులు కడుక్కుని, నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకోవడానికి ఇంకెవరూ లేరు మరి.

ఇక్కడ రేడియో పనికిరాదు. మాది చంద్రుడి వెనక వైపు. ఇంకొంచెం లోపలికి పోతే శాస్త్రవేత్తలు పేద్ద గిన్నెలు పరిచి ఆకాశం చప్పుళ్ళు వింటున్నారు. మేం రేడియోలో తుమ్మినా వాళ్ళకి చెవిపోటు వస్తుందట. అందుకని మా మాటలన్నీ వెలుతురు మీదే నడుస్తాయి. బయట ఇటుకలు కాల్చడానికి వెళ్ళే ప్రతివాళ్ళ హెల్మెట్ మీదా అద్దపు బిళ్ళ ఉంటుంది. స్తంభం మీది కిరణం దాని మీద పడితే మాట వినపడుతుంది, మనిషి ఎక్కడున్నాడో మాకు తెలుస్తుంది. పడకపోతే ఆ మనిషి ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

చిక్కల్లా ఏమిటంటే కిరణం సూదిలా సన్నం. మనిషి ఒక బండరాయి చాటుకి వెళితే తప్పిపోతుంది. ఎటు వెళ్తున్నాడో ముందే తెలిస్తే ఆ దారిలో వెతికి ఇట్టే పట్టుకుంటుంది. తెలియకపోతే మైదానమంతా గాలించాలి, ఈలోపు అతని సిలిండర్లో గాలి అయిపోతుంది. కనక బయటికి వెళ్ళే ప్రతివాణ్ణీ గమ్యం అడగమని హెడ్డాఫీసు ఆర్డరు. తలుపుకి స్పీకరు పెట్టి నా గొంతే రికార్డు చేశాను. "ఎక్కడికి?" అని. తియ్యగా వచ్చింది. ఇంకోసారి పెట్టుకుని విన్నాను.

నమోదు 42

తియ్యదనం పొద్దున్నే వదిలిపోయింది.

మొదట బయల్దేరింది లెంక పైడిరాజు. ఇటుకల బట్టీకి మేస్త్రీ. అరవై దాటాయి, అయినా కుర్రాళ్ళకంటే ముందుంటాడు. లోపలి తలుపు తెరవగానే నా గొంతు "ఎక్కడికి?" అంది. ఆయన వెనక్కి తిరిగాడు. హెల్మెట్ తీశాడు. బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. ఆయన వెనకున్న జట్టంతా వరసగా వెనక్కి తిరిగి, వరసగా కూర్చుంది.

పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "ఏమైంది పైడిరాజు గారూ?"

"ఏటమ్మగోరూ ఇది? బయల్దేరే మడిసిని ఎక్కడికని అడుగుతారా ఎవులైనా?"

"అడిగింది నేను కాదండీ, తలుపు."

"గొంతు మీదే గదా."

ఆయన భార్య నూకరత్నం క్యాంటీన్ నడుపుతుంది. గరిటె చేత్తో పట్టుకునే వచ్చి, "పేరేమో సుబాసిని. నోరు తెరిస్తే అపశకునం" అంది, నాతో కాదు, గరిటెతో అన్నట్టు.

ఆ వెంటనే ఊళ్ళో గాలి లెక్కలు చూసే మస్తాన్ వలి వచ్చాడు. నెల్లూరు మనిషి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ కొంత గాలి బయటికి పోతుంది. "ఏంది మేడమ్ ఇది? పోవడం, అడగంగానే తిరిగి రావడం, నీళ్ళు తాగడం, మళ్ళా పోవడం. ఇట్టా అయితే నెలాఖరుకి మనమందరం మూతికి గుడ్డ కట్టుకుని బతకాల్సిందే" అన్నాడు. గుడ్డ కట్టుకుంటే గాలి ఎలా మిగులుతుందో అడుగుదామనుకున్నాను. అతని ముఖం చూసి ఊరుకున్నాను.

నమోదు 44

జనం తెలివి మీరారు. వెనక్కి రావడం మానేశారు. జవాబు చెబుతున్నారు.

"ఎక్కడికి?" అంటే ఒకడు "నీ పెళ్ళికి" అన్నాడు. అటువంటి చోటు పటంలో లేదని కిరణాల్ని నడిపే యంత్రం మర్యాదగా చెప్పింది. ఇంకొకడు "వల్లకాట్లోకి" అన్నాడు. "కొత్త చోటుగా నమోదు చేయమంటారా?" అని యంత్రం అడిగింది. "సెయ్, పున్నెముంటాది" అన్నాడు. యంత్రం చేసింది! పటంలో తలుపు ముందర వల్లకాడు అని చుక్క పెట్టింది. సాయంత్రానికి జట్టులో సగం మంది గమ్యం వల్లకాడే. స్తంభాలన్నీ బుద్ధిగా ఆ చుక్క వైపే చూస్తూ కూర్చున్నాయి. బట్టీ దగ్గర రాళ్ళ చాటుకి వెళ్ళినవాళ్ళని ఆ వల్లకాట్లోనే వెతుకుతున్నాయి. నేను చేత్తో ఒక్కొక్కరినే పట్టుకునేసరికి మెడ విరిగింది.

హెడ్డాఫీసుకి రాశాను. "ప్రజల్లో అవగాహన కల్పించండి" అని జవాబొచ్చింది. ఆ మాట కనిపెట్టినవాణ్ణి ఒక వారం ఇక్కడ ఉంచాలి.

సరే, మీటింగు పెట్టాను. కిరణం గురించి, రాళ్ళ గురించి, ప్రాణాల గురించి చక్కగా చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. చివర్లో పైడిరాజు లేచి, "మీ ఇంటికాడ అడిగేవోరా అమ్మగోరూ, బయల్దేరే మడిసిని?" అన్నాడు.

అడిగేవాళ్ళు కాదు. ఏలూరులో మా అమ్మమ్మ అయితే అలా అడిగినవాళ్ళ మీదికి చీపురు తీసేది. ఆ నమ్మకాలన్నీ భూమ్మీదే వదిలేసి రాకెట్టెక్కారనుకున్నాను నేను. మీటింగు ముగించాను.

అప్పట్నుంచి పొద్దున్నే నేను ఎదురొస్తే చాలు, జనం పక్క సందులోకి తప్పుకుంటున్నారు. క్యాంటీన్లో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. నాకేం బాధ లేదని రాద్దామనుకున్నాను. ఉంది. చాలా ఉంది.

నమోదు 47

ఇవాళ తలుపు ఎవరినీ అడగలేదు. ఎందుకంటే తలుపులోంచి ఎవరూ వెళ్ళలేదు.

ఇటుకలు లోపలికి వచ్చే దారి ఒకటుంది. సరుకుల దారి. దానికి స్పీకరు లేదు. ఊరంతా అందులోంచి వంగి, పాకి, ఇటుకల్లాగే బయటికి వెళ్ళిపోయింది. ఎవరు ఎటు వెళ్ళారో యంత్రానికి తెలియదు. బట్టీ దగ్గర ఆరుబయట ఉన్నవాళ్ళని కిరణం పట్టుకుంది. లెక్క చూస్తే ఒకరు తక్కువ.

పైడిరాజు.

బట్టీ జట్టుని అడిగాను. ఇవాళ మేస్త్రీ పనికే రాలేదన్నారు. స్తంభాలన్నిటి వెలుతురునీ మైదానం మీదికి తిప్పాను. కిరణాలు రాయి రాయినీ తడుముతున్నాయి. ఎక్కడా అద్దం మెరవలేదు. సూటులో గాలి ఒక షిఫ్టుకి వస్తుంది. ఆయన వెళ్ళి అప్పటికే సగం షిఫ్టు అయింది.

క్యాంటీన్‌కి పరిగెత్తాను. నూకరత్నం పప్పు తాలింపు వేస్తోంది. "మీ ఆయన ఎక్కడికి వెళ్ళాడు?" అన్నాను.

"నాకేటి తెలుసు?"

"చెప్పకుండా వెళ్ళాడా?"

"నలబయ్యేళ్ళు కాపరం సేసినాను. బయల్దేరే మడిసిని ఎక్కడికని ఒక్కపాలి కూడా అడగనేదు. ఇయాల అడుగుతానా?" అని, నా ముఖం సరిగ్గా చూసి, పొయ్యి ఆపేసింది. "ఏటయినాది అమ్మగోరూ? కిరణం తప్పిపోయినాదా?"

అవునని తల ఊపాను. ఆవిడ అక్కడే, బియ్యం బస్తా మీద కూలబడింది. "ఆయనకి మోకాలు నొప్పి" అంది అంతే.

అప్పుడు గోడ అవతల్నుంచి ఒక గొంతు వినపడింది. "నన్ను ఎవులూ అడగనేదు గదా!"

క్యాంటీను వెనక గదే పైడిరాజు వాళ్ళ ఇల్లు, పక్కింటావిడ గంటా కొండమ్మ. రెండిళ్ళకీ మధ్య ఒకటే ఇటుక గోడ. నేను ఆవిడ గుమ్మంలోకి వెళ్ళేసరికి కుర్చీ వేసి సిద్ధంగా ఉంది, నెలల తరబడి ఈ అవకాశం కోసమే చూస్తున్నట్టు.

"పొద్దున్నే నీల్లోసుకున్నాడు. ఇయాల ఆల్ల వంతు కాదు, మా వంతు నీల్లు వాడీసినాడు, అది వేరే సంగతి. అట్లు కూడా తిన్నేదు. ఉపాసం. కొత్త పంచె కట్టి ఆ పైన సూటేసినాడు. ఎంత ఇరుగ్గుంటాదో సూడండి మరి! జేబులో కర్పూరం పొట్లం ఎట్టుకున్నాడు."

"కర్పూరమా? బయట గాలి లేదు కదా, ఎలా వెలిగిస్తాడు?"

"ఎలిగించక్కర్నేదమ్మా, సూపిత్తే సాలు. ఈడ గాలి నేదని సామికి తెలీదా?"

తలస్నానం, ఉపవాసం, కర్పూరం. "మొక్కుకోవడానికి వెళ్ళాడా? ఎవరికి?"

"మావోల్లకి ఇంకెవులుంటారు? సింహాద్రి అప్పన్నే గదా."

అప్పన్న ఉన్నది సింహాచలంలో. సింహాచలం ఉన్నది భూమి మీద. వెనకపేట నుంచి భూమి కనపడదు. కాని చంద్రుడు నెలనెలా కాస్త అటూ ఇటూ ఊగుతాడు. ఆ ఊపులో కొన్ని రోజులు పడమటి గట్టెక్కితే భూమి అంచు కనిపిస్తుంది. ఇవి ఆ రోజులే.

ఆ గట్టు వైపు ఇటుకలు లేవు, పని లేదు. కాబట్టి స్తంభాలు లేవు.

నమోదు 48

ఇది తిరిగొచ్చాక రాస్తున్నాను.

ఊరి స్తంభం మీది కిరణాన్ని గట్టు మీదికి తిప్పితే ఇవతలి వాలు ఖాళీ. ఆయన అవతలి వాలులో ఉండాలి. అక్కడికి వెలుతురు వంగి వెళ్ళదు. ఎవరో ఒకరు చిన్న లేజరు పెట్టె పట్టుకెళ్ళి గట్టు నెత్తి మీద పెట్టాలి. స్తంభం కిరణాన్ని అది అందుకుని అవతలికి వేస్తుంది. దాన్ని గురి పెట్టడం వచ్చినది ఊళ్ళో నేనొక్కదాన్నే. నేనెప్పుడూ స్తంభాలు దాటి అవతలికి నడిచినదాన్ని కాదు. మస్తాన్ గాలి సిలిండరు భుజాన వేసుకుని, "పదండి మేడమ్, నేనొస్తా" అన్నాడు.

బండి పెద్ద తలుపు దగ్గరే ఉంది. ఊరంతా అక్కడ చేరింది. సూటు తొడుక్కున్నాను. తలుపు ముందు నిలబడ్డాను.

"ఎక్కడికి?" అంది నా గొంతు.

నేను ఇంజనీరుని. శకునాలు నమ్మను. కాని అవతల ఒక మనిషి ప్రాణం, ఇవతల నేను, మధ్యలో ఆ మాట. కాళ్ళు కదల్లేదు. కదలకపోవడమేమిటి, వాటంతట అవే వెనక్కి తిరిగాయి!

నూకరత్నం అప్పటికే గ్లాసుతో నిలబడి ఉంది. "కూకోండి."

"టైము లేదమ్మా, ఆయన గాలి..."

"నాకు తెలుసు. కూకోండి. కూకుని నీల్లు తాగి ఎల్తేనే తిరిగొత్తారు. అందరూ తిరిగి రావాల." గ్లాసు నా చేతిలో పెట్టింది. కూర్చున్నాను. తాగాను. లేచాను. మస్తాన్ నడుముకున్న రెంచి లాక్కుని స్పీకరుని ఒక్కటి వేశాను. పోలేదు. ఇంకొకటి వేశాను. నా గొంతు "ఎక్క" దగ్గర ఆగిపోయింది. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మస్తాన్ కూడా గాలి లెక్క చూసుకోకుండా వదిలాడు.

గట్టెక్కడం గురించి రాయను, ఆయాసం గుర్తొస్తుంది. నెత్తికి చేరేసరికి అవతల భూమి సగానికి సగం పైకి తేలి ఉంది, నీలంగా. దాన్ని చూడ్డానికి కూడా ఆగకుండా పెట్టె దించి కిరణం తిప్పాను. కింద రాళ్ళ మధ్య చిన్న అద్దం మెరిసింది.

"పైడిరాజు గారూ!"

"ఓలమ్మో! ఈడికి కూడా వచ్చీసినావా?" అని కేక. ఆ గొంతు వినగానే తలుపే నడుచుకుంటూ వచ్చిందనుకున్నాడట.

రాయి దొర్లి ఆయన కాలు ఇరుక్కుంది. గాలి అడుగంటింది. మస్తాన్ సిలిండరు పట్టుకుని కిందికి జారుతూ వెళ్ళాడు. నేను ఆయన కళ్ళు మూతపడకుండా మాట్లాడిస్తూ ఉండాలి.

"ఏం మొక్కుకున్నారు?"

"సెప్పకూడదమ్మా."

"ఊరంతా ఏడుస్తోంది, మీ ఆవిడ పొయ్యి ఆపేసింది. చెప్పాల్సిందే."

"రత్నం పొయ్యాపీసినాదా?" తర్వాత నెమ్మదిగా అన్నాడు. "కోపం తెచ్చుకోకండి. ఆ తలుపు గొంతు పడిపోతే గుండు కొట్టించుకుంటానని మొక్కినాను."

"పడిపోయింది. ఇందాకే నేను రెంచితో పగలగొట్టి వచ్చాను."

మస్తాన్ అప్పుడే చేరి సిలిండరు మార్చి, రాయి పక్కకి నెట్టాడు. నిండా ఊపిరి అందగానే పైడిరాజు చేసిన మొదటి పని రెండు చేతులూ ఎత్తి భూమికి దణ్ణం పెట్టడం.

"ఇంత బేగినా తండ్రీ!" అన్నాడు. "ఇంకేదైనా పెద్దది కోరుకోవల్సింది."

నమోదు 49

తలుపు ఇక మాట్లాడదు. ఎవరైనా బయటికి వెళితే వాళ్ళ పక్కింట్లో ఒక దీపం వెలుగుతుంది. పక్కింటివాళ్ళు మైకు నొక్కి చెబుతారు. వెళ్ళేవాణ్ణి అడక్కూడదు గాని, వెళ్ళినవాడి గురించి ఎవరిని ఎంతసేపు అడిగినా తప్పు లేదు.

యంత్రానికి కావలసింది గమ్యం ఒక్కటే. వస్తున్నది అంతకంటే చాలా ఎక్కువ. ఎవరు ఏం కట్టుకున్నారు, ఎవరితో గొడవపడి బయల్దేరారు, చేతిలో ఏం పట్టుకెళ్ళారు, దాన్ని తిరిగి తెస్తారా లేదా. కొండమ్మ ఒక్కతే రోజుకి మూడు గంటలు చెబుతోంది. కిరణం మాత్రం ఒక్కరిని కూడా వదల్లేదు. రాయి చాటుకి వెళ్ళినవాడు ఇవతలికి రాగానే నెత్తి మీద పడుతోంది. మస్తాన్ గాలి లెక్క కూడా సరిపోయింది, ఆ సంతోషంలో నాకు ఖర్జూరాలు తెచ్చి పెట్టాడు.

పైడిరాజు గుండుతో తిరుగుతున్నాడు. ఎదురొస్తే తప్పుకోవడం లేదు.

నమోదు 58

హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. పద్ధతి అద్భుతంగా ఉందట. నన్ను పెద్ద కేంద్రానికి బదిలీ చేసి, అన్ని పేటల్లోనూ ఇదే పెట్టిస్తారట. పెద్ద కుర్చీ, కింద పదిమంది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. నిన్నటిదాకా ఇలాంటి కాగితం కోసం ఏ దేవుడికైనా మొక్కేదాన్ని. ఇవాళ అన్నం సయించలేదు.

ఎవరికీ చెప్పకుండా సూటు వేసుకుని గట్టెక్కాను. కాసేపు ఎవరూ నాతో మాట్లాడకుండా ఉంటే బాగుండుననిపించింది. నేనుండేది కేంద్రంలోనే, అది ఊరికి చివర ఒంటరిగా ఉంటుంది. నాకు పక్కిల్లు లేదు. కాబట్టి నా కోసం ఏ దీపమూ వెలగదు, ఏ కిరణమూ రాదు. అలా అనుకుని రాయి మీద ఇలా కూర్చున్నానో లేదో, కిరణం తగిలితే వెలిగే పచ్చ దీపం హెల్మెట్లో వెలిగింది.

"అమ్మగోరూ, వినపడతందా?" కొండమ్మ గొంతు.

"నా కుర్చీలో మీరేం చేస్తున్నారు?"

"కాళీగా ఉంటే కూకున్నాను."

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?"

అందరూ చెప్పారట. అన్నం కంచం అలాగే వదిలేశానని నూకరత్నం చెప్పింది. సిలిండరు ఒకటి తక్కువైందని మస్తాన్ చెప్పాడు. కాగితం చదివి రెండుసార్లు ముక్కు తుడుచుకున్నానని ఎవరో చెప్పారు. తల వంచుకుని పడమటి వైపు నడిచానని పైడిరాజు బట్టీ దగ్గర్నుంచి చూసి చెప్పాడు. కొండమ్మ వెనకాల కేంద్రం నిండా జనం ఉన్నారని చప్పుడుని బట్టే తెలుస్తోంది. నా చిన్న గదిలో అంతమంది ఎలా పట్టారో.

నా యంత్రంలో దాని నకలుంది, కాగితంలో ఏముందో వాళ్ళకి తెలిసిపోయింది. వెళ్ళిపోతున్నానా, ఎక్కడికి, ఎప్పుడు, అని అందరి గొంతుల్లోనూ ఆ ప్రశ్న అడ్డం పడి ఉంది. ఎవరూ అడగలేదు. వాళ్ళు అడగరు. ప్రాణం పోయినా అడగరు.

చివరికి నూకరత్నం మైకు దగ్గరికి వచ్చింది. "అమ్మగోరూ, నానేటీ అడగను. పులుసు సల్లారిపోతంది. అంతే" అంది.

హెల్మెట్లో కన్నీళ్ళు తుడుచుకోవడానికి వీలుండదు. ఎవరైనా దానికో ఉపాయం కనిపెడితే బాగుండును. ముక్కు ఎగబీల్చి, మైకు నొక్కాను.

"వచ్చేస్తున్నాను" అన్నాను. "రాత్రికే వాళ్ళకి రాసేస్తాను, బదిలీ వద్దని."

అవతల అంతమంది ఒక్కసారి మాట్లాడేసరికి కిరణంలో ఒక్క ముక్కా అర్థం కాలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, గట్టు దిగాను. దారి పొడుగునా పచ్చ దీపం ఒక్కసారి కూడా ఆరలేదు.